కోత పండుగ బల్ల మీద హేజెల్‌నట్లు

ఈ మార్చిలో పెరట్లో రాలిన హేజెల్‌నట్ ఒకటి గట్టు మీద పెట్టి కొడితే లోపల పప్పు కనబడింది. దాన్ని నోట్లో వేసుకోలేక అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. మార్చిలో ఆకురాలే కాలం మొదలయ్యే ఈ దక్షిణ దేశంలో, మా పామర్‌స్టన్ నార్త్‌లో, అందరి పెరళ్ళలో నిమ్మ, జామలాంటి ఫీజోవా చెట్లు ఉంటాయి. మా కంచె పొడుగునా హేజెల్‌నట్లు ఉండడం మావారి పట్టుదల.

మావారు కోనసీమ మనిషి. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగమైనా మనసంతా మట్టి మీదే. నర్సరీలో హైబ్రిడ్ మొక్క కొన్న రోజు అక్కడి ఆవిడ, పక్కన వేరే రకం మొక్క కూడా పెట్టమని, చలిగాలికి దాని పుప్పొడి వచ్చి పడితేనే కాయలో పప్పు పడుతుందని చెప్పింది. "అరటితోటలో పుట్టినవాడికి పాఠాలు చెబుతోందే!" అని నవ్వుతూ ఆ ఒక్క మొక్కతోనే కారెక్కారు ఆయన. కొన్నాళ్ళకు దాని మొదలు చుట్టూ పిలకలు లేచాయి. అరటి పిలకల్లాగే వాటిని గునపంతో విడదీసి వరసగా నాటారు. అన్నీ ఒకే తల్లి పిలకలు. ఎన్ని నాటినా ఒక్క చెట్టు కిందే లెక్కని ఆయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

చెట్లు మనిషెత్తు అయ్యేసరికి ఆయన గొంతులో గడ్డ బయటపడింది. తిండి ట్యూబులోంచే. సంఘమంతా స్వస్థత కోసం ఉపవాసాలుంటే ఆయన మాత్రం, "ప్రభువా, మొదటి కాపు నా చేతులతో నీ బల్ల మీద పెట్టనియ్యి" అని ప్రార్థించేవారు. మావైపు కోత పండుగకు ప్రథమ ఫలాన్ని ఇంట్లో ఎవరూ రుచి చూడరు. గుమ్మడికాయైనా కోడిపుంజైనా ముందు దేవుడి బల్ల దగ్గరికే. ఆరాధన అయ్యాక వేలం పాడతారు, పాడుకున్నవాళ్ళు అందరికీ పంచుతారు. అందుకే ఆ ఏడు బుట్టెడు కాయలు నిగనిగలాడుతూ రాలినా ఒక్కటి కూడా పగలగొట్టి చూడలేదు. వీల్‌చెయిర్‌లోంచి వంగి ఆయనే బుట్టను బల్ల మీద పెట్టారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

వేలంలో బుట్ట మా వీధి మూలన డైరీ, అంటే పాల నుంచి పప్పుల దాకా అమ్మే చిల్లర కొట్టు, నడిపే అంకుల్ పాడుకున్నారు. "ఇలాంటివి ఇంట్లో పండిస్తే నా కొట్లో ప్యాకెట్లు ఎవరు కొంటారయ్యా!" అని గోల చేస్తూ కార్లోంచి సుత్తి తెచ్చారు. మొదటి కాయ కొట్టారు. ఖాళీ. రెండోదీ పొల్లే. అంకుల్ చెయ్యి ఆగింది. ఓరగా వీల్‌చెయిర్ వైపు చూసి, ఏమీ లేని వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని నమలడం మొదలుపెట్టారు.

"ఏం కమ్మగా ఉందండీ బ్రదర్! నేతిలో వేయించినట్టుంది."

పక్కనే ఉన్న ఆయన భార్య, ఆంటీ, చప్పున అందుకుంది. "అన్నీ మీరే మింగేస్తారా? ఇటు కూడా ఇవ్వండి!" ఇక టీ కప్పులు పక్కన పెట్టి అందరూ నమిలారు. నేనూ నమిలాను. మా అయ్యగారొక్కరే, పాస్టరుగా ఎవరి కోసమూ అబద్ధమాడని మనిషి, చిప్పను గుప్పిట్లో మూసుకుని తల వంచుకున్నారు.

ఇంటికి డ్రైవ్ చేస్తుంటే మావారు గుసగుసలాంటి గొంతుతో, "అయ్యగారు నమల్లేదు, చూశావా?" అన్నారు. నేను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.

"దేవుడి ముందు పొల్లు పెట్టానే."

"వచ్చే ఏడు మంచివి పెడదాం లెండి," అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

ఆ చలికాలంలోనే ఆయన ప్రభువునందు నిద్రించారు. వసంతం రాగానే నర్సరీకి వెళ్ళి వేరే రకం మొక్క తెచ్చి నాటాను. ఆ రోజు బల్ల మీది కానుకలో దేవుడు చూసింది కాయల్ని కాదని నా విశ్వాసం. అయినా ఆయన తన కానుక పొల్లని తెలుసుకునే వెళ్ళారన్న బాధ ఏ ప్రార్థనకూ కరగలేదు. ఆ మొక్క పుప్పొడి రాల్చేసరికి కొన్నేళ్ళు పట్టింది. నేను మాటిచ్చిన ఆ "వచ్చే ఏడు" ఈ మార్చిలో, తన వేళకే వచ్చింది; దాని దాకా చేరింది మాత్రం నేనొక్కదాన్నే.