తునికాకంత సందు

పందొమ్మిదేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మొదట మీకే చెబుతున్నాను.

భూపాలపల్లిలో ఒక వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేశాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక పాత రంపం బ్లేడుతో మడత కత్తులు చేయడం నా పిచ్చి. కత్తినీ పిడినీ కలిపే రివిట్ మేకును గట్టిగా కొడితే కత్తి బిగుసుకునేది. వదులుగా కొడితే ఊగేది. పద్నాలుగు చెడిపోయాయి. ఏది ఎట్లా చెడిందో డైరీలో రాసుకున్నాను. మందు మాత్రం దొరకలేదు.

పక్క బల్ల మీద డ్రిల్లు పని చేసే మనిషిది మరిపెడ దగ్గర తండా. ఒకరోజు బీడీ విప్పి, ఆ తునికాకు ముక్కలు కత్తికీ పిడిలోని ఇత్తడి రేకులకూ మధ్య రెండు వైపులా పెట్టాడు.

"ఇప్పుడు కొట్టన్నా. ఎంత కొడ్తవో కొట్టు."

కొట్టాను. నూనె చుక్క వేసి ఆడిస్తే ఆకు పొడిపొడిగా రాలిపోయి, ఆకంత సందు మిగిలింది. బొటనవేలితో తోశాను. కత్తి నెయ్యి మీద జారినట్టు వచ్చి టక్కున నిలిచింది. ఇద్దరం వంతులు వేసుకుని తెరిచాం, మూశాం, తెరిచాం.

మర్నాడు ఇంజనీరు సార్ ఆ కత్తి చూసి, ఈ ఉపాయం ఎవరిదని అడిగాడు. అతను నా పక్కనే ఉన్నాడు. నాదే అన్నాను. ఎందుకన్నాను? పద్నాలుగు కత్తులు పాడుచేసుకున్నవాణ్ని కాబట్టి గెలుపూ నాదేననుకున్నానా, లేక పటేళ్ల ఇంట్లో పుట్టిన నాకు తండా మనిషి దగ్గర నేర్చుకున్నానని నలుగురిలో చెప్పడం నామోషీ అయిందా? రెండోదే.

సార్ పోయాక అతను నవ్వాడు. "మంచిగ చెప్పినవన్నా. నాకైతే సార్ ముందట నోరే రాకపోవు."

"గింత ముచ్చటకు ఏందిరా?"

"అవ్, బీడాకు ముచ్చటే గద" అని తన బల్ల దగ్గరికి పోయాడు.

నెల తిరగకుండా కొత్తవాళ్లకు పని నేర్పే ఉద్యోగం నాకిచ్చారు. నేను రిటైరయ్యేదాకా అతను డ్రిల్లు దగ్గరే నిలబడ్డాడు. మళ్లీ కత్తి జోలికి రాలేదు. ఆనాటి డైరీలో కూడా "ఉపాయం కనిపెట్టాను" అనే రాసుకున్నాను. నాకు నేనే అబద్ధం చెప్పుకున్నాను.

రేపు జనగామలో పదిమందికి ఈ పని చూపించమని పిలిచారు. పొద్దున ఒక కత్తి చేసి తెరిచాను. అదే జారుడు. ఆనందం పట్టలేక ఒక్కణ్నే నవ్వాను. వెంటనే నవ్వు ఆగింది. అతన్ని క్షమించమని అడగను. క్షమిస్తే నాకు తేలిక, అతనికేం వస్తుంది? రేపు అందరి ముందు మొదట చెప్పవలసిన మాట, చేతికి జంకు పుట్టకముందే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఉపాయం బిక్కుది. నేను దొంగిలించాను.

రాసేశాను.