మేపుల్ చెట్టు చుట్టుకొలత

మార్చి రెండో శనివారం ఉదయం ఏడున్నరకు నేనూ సంహితా బ్రాంప్టన్ టెర్మినల్లో బస్సెక్కాం. సంహితకు పదేళ్లు. నేను అద్దెకుంటున్న బేస్‌మెంట్ పైనున్న ఇల్లు వాళ్లదే. నేను విజయవాడలో పదకొండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి, ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ స్టూడెంట్‌నై కెనడా వచ్చిపడ్డాను. పగలు కాలేజీ, సాయంత్రాలు ఎటోబికోలో వేర్‌హౌస్ షిఫ్టు, శనివారం పొద్దున సంహితకు లెక్కలు.

ఈ ప్రయాణానికి కారణం వాళ్లమ్మ వనజగారు. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లొచ్చిన రోజు మెట్లు దిగివచ్చి నా మంచం మీద కూలబడ్డారు. “రాధగారూ, మార్కులైతే వస్తున్నాయంట. కానీ క్లాసులో నోరే తెరవట్లేదంట. ఆన్సర్ తెలిసినా చెయ్యెత్తదంట. మీరు దాన్ని కాస్త మాట్లాడేలా చెయ్యండి, అంతే చాలు” అన్నారు. ఆ వారమే లైబ్రరీ గోడ మీద ఒక కాగితం చూశాను. వాటర్లూ దగ్గర మేపుల్ తోటలో సిరప్ కాచడం చూపిస్తూ, చెట్లతోనే పిల్లలకు లెక్కలు నేర్పిస్తారట. ఇంకేం, ఎగిరి గంతేశాను.

బస్సులో సగం మంది మన స్టూడెంట్లే. ఆ ఏడాది ఎక్కడ చూసినా అంతే. ఒక్కో బేస్‌మెంట్‌లో ఐదారుగురు, ఒక్కో పార్ట్‌టైమ్ జాబ్‌కి వీధి మలుపు దాకా క్యూ. పక్క సీట్లో కర్నూలు కుర్రాడు ఒళ్లో రెజ్యూమేల ఫోల్డర్ పెట్టుకుని కూర్చున్నాడు. మేపుల్ తోటకని చెబితే జాలిగా చూశాడు. “మార్చిలో ఎర్రాకులెక్కడుంటాయక్కా? అక్టోబర్లో పోవాల గానీ!” అన్నాడు. ఆకుల కోసం కాదు, లెక్కల కోసమన్నాను. ఆ జాలి ఇంకా ఎక్కువైంది.

తొమ్మిదిన్నరకు కిచెనర్‌లో దిగి, లైట్ రైల్లో వాటర్లూ చివరి స్టాపు దాకా వెళ్లాం. అక్కడికి తోటవాళ్ల వ్యాన్ వస్తుంది. టికెట్ పెద్దవాళ్లకు పన్నెండు డాలర్లు, పిల్లలకు ఎనిమిది, వ్యాన్ అందులోనే. బూట్లు మాత్రం గట్టివి వేసుకోండి. బాటంతా సగం మంచు, సగం బురద.

తోట పెద్దాయన చెప్పింది ఇదీ. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఈ కొద్ది వారాల్లోనే చెట్టులోంచి తియ్యటి నీరు కారుతుంది. కాండానికి చిన్న కన్నం చేసి గొట్టం బిగించి, మన వైపు తాటిచెట్టుకు కుండ కట్టినట్టు బకెట్ తగిలిస్తారు. నలభై లీటర్లు కాస్తే ఒక్క లీటరు సిరప్. షెడ్డులో కట్టెల పొయ్యి, పైన వెడల్పాటి రేకు పళ్లెం, ఒకటే ఆవిరి. సంహిత కళ్లద్దాలు తుడుచుకుంటూ “సో, ట్వెంటీ లీటర్స్‌కి హాఫ్ లీటరా?” అని ఆయన్నే అడిగింది. నేను అడగమని చెప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత చెట్లకు కన్నాలు పెట్టే పని. అడ్డంగా పాతిక సెంటీమీటర్ల కన్నా సన్నని చెట్టును ముట్టకూడదు. ఆపైన ఒక కన్నం, నలభై ఐదు దాటితే రెండు. ఒక్కో గుంపుకూ ఒక టేపు, ఒక చేతి డ్రిల్లు ఇచ్చి, కొలత తనకు చూపించాకే కన్నం పెట్టమన్నాడు పెద్దాయన. నేను ఊరుకోవచ్చుగా! పదకొండేళ్లు మ్యాథ్స్ చెప్పానని గొప్పగా చెప్పుకున్నాను. “అయితే మీకు నా అవసరమే లేదు” అని నవ్వి పక్క గుంపు దగ్గరికి వెళ్లిపోయాడు.

సంహిత ఒక చెట్టు ఎంచుకుని టేపు చుట్టింది. డెబ్బై రెండు. “నలభై ఐదు దాటింది, రెండు కన్నాలు” అన్నాను. సంహిత టేపు వదల్లేదు. “బట్ ఆంటీ, దిస్ ఈజ్ అరౌండ్. నాట్ అక్రాస్...”

“డౌట్లు తర్వాత. ముందు పని కానీ” అన్నాను. ఎనభై మంది క్లాసులో రోజూ అనే మాట, నోటికి అలవాటైపోయింది. సంహిత చెట్టు మీంచి టేపు తీసి నా చేతికిచ్చింది.

మొదటి కన్నానికి గొట్టం బిగించి, రెండోది సగంలో ఉండగా పెద్దాయన వచ్చాడు. చెట్టు వైపు, టేపు వైపు చూశాడు. “డెబ్బై రెండు చుట్టుకొలత కదా? అడ్డంగా ఇది ఇరవై మూడే. ఇంకా చిన్న చెట్టు” అన్నాడు. బోర్డు మీద వేల వృత్తాలు గీశాను గానీ, ఒక్క చెట్టును కూడా చుట్టి కొలవలేదు నేను. ఎవరు లెక్క వేశారని అడిగాడు. “మేమిద్దరం” అన్నాను.

సంహిత ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. పెద్దాయన గొట్టం ఊడదీశాడు. చెట్టు చచ్చిపోదనీ, గాయం మానుతుందనీ, లోపల మచ్చ మాత్రం ఉంటుందనీ, అక్కడ మళ్లీ నీరు రాదనీ చెప్పాడు. ఒక్క మాట కోప్పడలేదు. నీరు బెరడు మీదుగా కారుతూనే ఉంది.

ఒంటిగంటకు భోజనాలు. వాళ్లిచ్చిన పాన్‌కేకులు, నేను తెచ్చిన పులిహోర. బల్ల దగ్గర పెద్దాయన పిల్లల్ని అడిగాడు, నూట ఇరవై లీటర్లు కాస్తే ఎంత సిరప్ వస్తుందని. సంహిత పెదవులు కదిలాయి. చెయ్యి లేవలేదు. ఎవరో అబ్బాయి మూడు అని అరిచాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగింటికి తిరుగు బస్సు. “సంహితా, నువ్వు చెప్పిందే కరెక్టు. తప్పు నాది. ఆయనతో ఆ మాటే చెప్పాల్సింది. సారీ” అన్నాను. “ఇట్స్ ఓకే, ఆంటీ” అంది కిటికీ వైపు తిరిగి. మరీ పెద్దరికంగా అంది. విజయవాడలో నేను కూర్చోమన్న పిల్లలు ఎంతమందో, వాళ్లలో ఎందరి దగ్గర సరైన జవాబు ఉందో, దారంతా అదే ఆలోచన.

మీరు తప్పకుండా వెళ్లండి. భాగహారమంటే ఏమిటో ఆ పొయ్యి దగ్గర కంటికి కనిపిస్తుంది. టేపు పిల్లల చేతికిచ్చి, వాళ్లేమంటున్నారో వినండి. నేను చెయ్యనిది అదొక్కటే.

ఆరింటికి టెర్మినల్ బయట వనజగారు కారుతో నిలబడ్డారు. మేం ఎక్కీ ఎక్కగానే “మాట్లాడిందా?” అని ఆత్రంగా అడిగారు.

“మాట్లాడిందండీ. కరెక్టుగా చెప్పింది. నేనే నోరు మూయించాను.”

ఆవిడ నవ్వబోయి ఆగి, వెనక్కి తిరిగారు. “ఏం చెప్పావు నాన్నా?”

“నథింగ్” అంది సంహిత.