చేప లేని పులుసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేప లేని పూట ఉండేది కాదు. మా తాత ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడిపేవాడు. అమ్మమ్మ తెల్లవారకముందే వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని వీధుల్లో అమ్మి వచ్చేది. అమ్మా నాన్నా పనుల్లోకి వెళ్లిపోతే నేను వాళ్లిద్దరి దగ్గరే పెరిగాను. అమ్మమ్మ చేపల పులుసు పెట్టిందంటే ఆ ఘాటు వీధి మలుపు దాకా వచ్చేది. అది తాత మీద ఆవిడకున్న ప్రేమ అని మా పేటలో అందరికీ తెలుసు.

అలాంటి ఇంట్లో ఒకరోజు పొద్దున్నే తాత మంచం దిగలేకపోయాడు. కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయింది. దుప్పటి తగిలినా మూలిగేవాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. బోటు ఓనరు మంచివాడే కానీ, వేటకు వెళ్లే బోటు ఎవరి కాలి కోసమూ ఆగదు కదా! ఈ దఫాకి వేరే డ్రైవర్‌ని పెట్టుకుంటానని కబురు పంపాడు. ఆ మాట విన్నాక తాత ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇది గౌట్ అనే కీళ్లజబ్బని చెప్పి, ఎండుచేపలు, రొయ్యలు, సారా మానేసి, మిగతా చేపలు కూడా బాగా తగ్గించి, కూరగాయలూ ఆకుకూరలూ ఎక్కువ తినమన్నాడు డాక్టరు. మా తాత ఏ పనైనా సగం సగం చేసే మనిషి కాదు. రేపటి నుంచి ఇంట్లోకి చేప రాకూడదన్నాడు. అమ్మమ్మ ఉప్పు కూడా తగ్గించి ఆనపకాయ ఉడకబెట్టి పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని మింగాడు. నాలుగు రోజులు గడిచాయో లేదో, హార్బర్‌లో స్నేహితులను చూసొస్తానని వెళ్లి, అక్కడ వేయించిన రొయ్యలు కడుపునిండా తిన్నాడు. మర్నాడు మళ్లీ వేలు వాచింది. ఈసారి నొప్పికంటే సిగ్గే ఎక్కువ బాధపెట్టినట్టుంది.

సాయంత్రం అమ్మమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది.

"ఒకేపాలి తీసేత్తే నోరు ఊరుకోదే గుంటా. దొంగలాగ తియ్యాల. తీసినట్టు తెలవకుండా తియ్యాల. మీ తాతకి సెప్పకు."

మర్నాటి నుంచి మా ఇంట్లో దొంగతనం మొదలైంది. పులుసు మళ్లీ పొయ్యి మీదికెక్కింది. అదే చింతపండు, అదే కారం, అదే వెల్లుల్లి, ధనియాల ముద్ద. చేపముక్కలు మాత్రం తగ్గాయి. ఆ చోట్లోకి ములక్కాడలు వచ్చాయి. ఆ తర్వాత వంకాయలు, బెండకాయలు, అరటికాయ ముక్కలు. నా పని కూరగాయలు కడిగి తరగడం. అరటికాయను చేపముక్కలా అడ్డంగా, మందంగా కోయడం కూడా అమ్మమ్మే నేర్పింది.

ఇంకో చిత్రం ఏమిటంటే, అప్పటిదాకా ఎన్నడూ ఆలస్యం కాని అమ్మమ్మ వంట రోజూ ఆలస్యం కావడం మొదలైంది. తాత ఆకలితో వచ్చి పీట మీద కూర్చోగానే, "ఇంకా ఉడకనేదు మావా, అందాక ఇయ్యి నములు" అని కీరదోస చెక్కలో, ముల్లంగి ముక్కలో, మొలకెత్తిన పెసలో నిమ్మకాయ పిండి ముందుపెట్టేది. పొయ్యి దగ్గర కూర్చున్న నాకు తెలుసు, అన్నం ఎప్పుడో వార్చేసిందని. సగం ఆకలి ఆ పచ్చిముక్కలతోనే తీరిపోయేది. అన్నం తగ్గింది. కాలు నెమ్మదించింది. వానలు వెనకపట్టేసరికి తాత మళ్లీ బోటెక్కాడు. ఆయన్ని సాగనంపి వచ్చిన రోజు అమ్మమ్మ గంప పక్కన పెట్టి, గుమ్మంలో కూర్చుని, కాసేపు ఊరికే నవ్వుకుంది.

చివరికి ఒక ఆదివారం పులుసులో చేప అసలే లేదు. నేనూ అమ్మమ్మా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. తాత కలుపుకున్నాడు, తిన్నాడు, మళ్లీ పోయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వెళ్లాడు. అమ్మమ్మ గెలిచినట్టు నా వీపు మీద ఒక్కటి చరిచింది.

నేను ఊరుకోలేక అరుగు మీదికి వెళ్లి, పులుసు ఎలా ఉందని అడిగాను. తాత వంటింటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"సముద్రం మీదే ముసిలోడినయ్యాను. పులుసులో సేప ఉందో నేదో నాకు తెల్దేటే?"

"మరి అడగనేదేటి తాతా?"

"అది అంత కట్టపడి దొంగతనం సేత్తంటే పట్టేసుకుంటానేటి? పట్టుకున్నాననుకో, సేప ఎయ్యమని అడగాల. నానడిగితే అది ఎయ్యకుండా ఉండగలదా?"

ఆయనకు మొదటి వారమే తెలుసట. అంతే కాదు, బోటు మీదికి ముల్లంగి, కీరదోస తనే కొనుక్కుని వెళుతున్నాడట. తోటివాళ్లు మొదట్లో నవ్వారట, తర్వాత చెయ్యి చాపడం మొదలుపెట్టారట. పండగనాడు మాత్రం ఒక్క వంజరం ముక్క వేయించుకుని, ముల్లు కూడా వదలకుండా చప్పరించేవాడు. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బోటు నడిపాడు.

ఇప్పుడు నేను పెందుర్తిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. నాకు షుగర్ వచ్చింది. నా పళ్లెంలో సగం పచ్చి కూరముక్కలు చేరాయంటే, అది ఒక్కరోజులో జరిగింది కాదు. నా నోటికి తెలియకుండా నేనే అన్నం మెల్లగా తీసేస్తూ వచ్చాను. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది అది. తాత దగ్గర నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఈమధ్య మా కోడలు నా అన్నంలో తెల్లబియ్యం తగ్గించి, ఒక్కో గుప్పెడు కొర్రలు కలుపుతోంది. నేను చూడలేదనుకుంటోంది. అన్నం బాగుందమ్మా అంటాను, మళ్లీ కొంచెం పెట్టమంటాను.