చూడనని చూపించడం

"మొహం చాటేసేది తప్పు చేసినవాడు. మూతి ముడుచుకునేది బతిమాలించుకోవాలనుకునేవాడు. పెడమొహం పెట్టాలంటే మాత్రం గుండెలో బరువుండాలే అమ్మాయ్" అనేది మా పెద్దమ్మ, కళ్ళజోడు కాడను వేడిగాలి మిషను దగ్గర పట్టుకుని మెల్లగా వంచుతూ.

పెద్దమ్మ కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. గోడ నిండా ఖాళీ జోళ్ళు, ఎవరి కళ్ళ కోసమో ఎదురుచూస్తూ ఉండేవి. వచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుని, "నా ముక్కు వంక చూడండి" అని చిన్న స్కేలుతో వాళ్ళ కంటిపాపల మధ్య దూరం కొలిచేది. పరాయివాళ్ళ కళ్ళలోకి అంత తీరిగ్గా, అంత దగ్గరగా చూసే మనిషిని నేను మరొకరిని ఎరగను. గడప తట్టుకున్న తీరును బట్టి, కౌంటరు అంచు కోసం చెయ్యి తడిమిన తీరును బట్టి, ఏ కంట్లో లోపముందో వాళ్ళు కూర్చోకముందే ఆమెకు తెలిసిపోయేది.

అలాంటి మనిషికి పెడమొహం అనే మాట మీద అంత మక్కువ ఎందుకో. దానికి బోలెడు రకాలుండేవి ఆమె దగ్గర. బేరం కుదరక విసురుగా వెళ్ళి, ఊరంతా తిరిగి మళ్ళీ వచ్చినవాడికి చిన్న పెడమొహం. చేతిలోని అద్దం తుడవడం అయ్యేదాకానే. పెదనాన్నకు పూట పెడమొహం. కూర బాగుందనగానే కరిగిపోయేది. "ఆయన కూర నోట్లో పెట్టుకోకముందే బాగుందంటున్నాడే, ఇక నేనెక్కడ పెట్టను!" అని నవ్వేది. పక్క షాపతనికి వారం రోజుల పెడమొహం.

"చూడకపోవడం వేరు, చూడనని చూపించడం వేరు. అవతలి మనిషి కళ్ళు మన మీద పడాలి. పడ్డాక తిప్పుకోవాలి. ముందే తిప్పుకుంటే పరధ్యానమనుకుంటారు. ఎవరూ చూడని పెడమొహం అడవి గాచిన వెన్నెలేనే."

అన్నిటికన్నా పెద్దదాన్ని మా అమ్మకు పెట్టింది.

అమ్మ ఆమె చెల్లెలు. అమ్మమ్మ పోయాక అమ్మకు జడలు వేసిందీ, ఎక్కాలు వల్లె వేయించిందీ పెద్దమ్మే. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో ఉండేవి. నాన్నకు ఆఫీసులో పెద్ద హోదా వచ్చినప్పుడు అక్కడొక విందు జరిగింది. అమ్మ పిలిచిందని పెద్దమ్మ షాపు నుంచి నేరుగా వచ్చింది, ఒంటి మీద నీలం షాపు కోటుతో, జేబులో చిన్న స్క్రూడ్రైవరుతో. నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను. నాన్న పై అధికారి భార్య, "వీరెవరండీ?" అని అడిగింది.

అమ్మ ఒక్క క్షణం ఆ నీలం కోటు వంక చూసింది.

"మాకు తెలిసినావిడండీ. కళ్ళజోళ్ళ షాపులో చేస్తారు."

"అవునండీ, బాగా తెలుసు" అంది పెద్దమ్మ. తర్వాత చెయ్యి చాచి, "మీ జోడు ఎడమకు వాలిందండీ" అని ఆవిడ కళ్ళజోడు తీసి, సరిచేసి, మళ్ళీ పెట్టి, తనకిచ్చిన కాఫీ కప్పు బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది. అమ్మ చెయ్యి నా చేతిలో చల్లబడటం నాకిప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

మర్నాటి నుంచి వీధిలో ఆ పెడమొహం మొదలైంది. పెద్దమ్మ పనికి వెళ్ళే వేళకు అమ్మ గుమ్మంలోకి వచ్చేది. పెద్దమ్మ నడక తగ్గించేది. అమ్మ చూపు తన మీద వాలేదాకా ఆగేది. వాలాక, కిటికీ రెక్క మూసినట్టు, మొహం అటు తిప్పుకునేది. "అక్కా, ఒక్కమాట వినక్కా" అని అమ్మ వెనకాలే వెళ్ళేది. ఆ పిలుపు ఆమె వీపుకు తగిలి రాలిపోయేది. అమ్మ లోపలికొచ్చి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చేది.

పిల్లలకు మాత్రం పెద్దల పెడమొహాలు వర్తించవు. అది పెద్దమ్మ చట్టం. నేను షాపుకు ఎప్పుడైనా వెళ్ళొచ్చు. కానీ అక్కడ అమ్మ మాట ఎత్తకూడదు. అదీ చట్టమే.

అలా ఏళ్ళు గడిచాయి. ఒకనాడు పెద్దమ్మ షాపులో ఎవరితోనో అంటుంటే విన్నాను. "ఇవాళ మా చెల్లెలు నన్ను దాటుకుని పోయింది. కన్నెత్తి చూస్తే ఒట్టు. తిరుగు పెడమొహం! పర్లేదు, నేర్చుకుంది." ఆ గొంతులో దెబ్బ ఉంది, ఏదో మెచ్చుకోలూ ఉంది. ఆ తర్వాత పట్టుదల పెరిగింది. అమ్మ బస్టాపులో ఉంటే పెద్దమ్మ ఆమె పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి, మొహం అటు తిప్పుకునేది. అమ్మ ఎదురుగా ఉన్న రోడ్డునే చూస్తూ ఉండేది. ఇద్దరూ ఒకే బస్సెక్కేవారు.

ఇంట్లో అమ్మ తలుపు అంచులకు కొట్టుకునేది. కప్పు పక్కన టీ పోసేది. "మీ అమ్మది రాణీగారి నడకే, పక్కలకు చూడదు" అని నాన్న వేళాకోళం చేసేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది.

నేను ఉద్యోగంలో చేరాక, నా జోడు తెచ్చుకోవడానికి ఒకరోజు షాపుకు వెళ్ళాను. బాగా ఆలస్యమైంది. పెద్దమ్మ ఎవరికో ఫ్రేము సరిచేస్తోంది.

"ఇప్పుడా రావడం? షాపు మూసే వేళకు?"

"అమ్మను సైకిలు గుద్దేసింది పెద్దమ్మా. కట్టు కట్టించి వస్తున్నా." చట్టం గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

"ఏ పక్క నుంచి?"

"ఎడమ పక్క. మొన్న కుడి పక్క నుంచి తోపుడుబండి తగిలింది. ఎప్పుడూ ఏదో ఒకటి తగులుతూనే ఉంటుంది."

"ఎదురుగా ఉన్నవి కనిపిస్తాయా?"

"భేషుగ్గా. సూదిలో దారం నాకన్నా ముందు ఎక్కిస్తుంది."

పెద్దమ్మ చేతిలోని ఫ్రేము ఆగిపోయింది. స్టూలు మీది మనిషిని అలాగే వదిలి, నీలం కోటుతోనే బయటికి నడిచింది. నేను పరుగుపెట్టాల్సి వచ్చింది.

అమ్మ బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పెద్దమ్మ చప్పుడు చేయకుండా వెళ్ళి ఆమె పక్కన, భుజానికి కాస్త ముందుగా నిలబడింది. చెయ్యి ఎత్తి వేళ్ళు కదిలించింది. అమ్మ బఠాణీలు ఒలుస్తూనే ఉంది. ఆకుపచ్చ గింజలు గిన్నెలో ఒక్కొక్కటే టపటపమంటున్నాయి. పెద్దమ్మ వేళ్ళను మెల్లమెల్లగా ముందుకు తెచ్చింది. దాదాపు ముక్కుకు ఎదురుగా వచ్చాక అమ్మ ఉలిక్కిపడింది.

"ఎవరూ?"

"నేనేనే."

అమ్మ ఒళ్ళంతా తిప్పుకుని చూసింది. "అక్కా?"

నీటికాసులన్నాడు కంటి డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి తినుకుంటూ వచ్చే జబ్బు. చుక్కల మందుతో మిగిలినదాన్ని నిలబెట్టొచ్చు, పోయింది మాత్రం రాదు. "పక్కచూపు తగ్గడం మొదలైనప్పుడే వచ్చి ఉంటే చాలావరకు దక్కేదమ్మా. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

పెద్దమ్మ గోడ మీది అక్షరాల పట్టిక వంక చూస్తూ ఉండిపోయింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. పెద్దమ్మ అడిగింది.

"బస్టాపు దగ్గర నన్ను చూసీ చూడనట్టు ఉండేదానివి కదే?"

"నువ్వక్కడ ఉండేదానివా?"

"నీ పక్కనే. రోజూ."

"నువ్వు ఆ దారిన రావడమే మానేశావనుకున్నానక్కా. మొహం తిప్పుకోవడానికైనా రావట్లేదు, అంత అసహ్యమేసిందేమో నేనంటే అనుకున్నా. నీ పెడమొహమైనా కనిపిస్తుందేమోనని వెతుక్కునేదాన్ని."

పెద్దమ్మ మొహం తిప్పుకుంది. ఈసారి అవతలివాళ్ళకు చూపించడానికి కాదు.

"రోజుకు ఎంతమంది కళ్ళు చూస్తానో నీకు తెలుసా?" అంది, అటువైపే చూస్తూ. "ఎవడైనా ముక్కూమొహం తెలియనివాడు నీలా నడిచి వస్తే, కూర్చోకముందే చెప్పేదాన్నే."

"ఆ రోజు నేనన్న మాట..."

"ఊరుకో. ఇప్పుడెందుకది?"

ఊరుకుంది అమ్మ. ఆ మాట పూర్తి కాలేదు, ఆ తర్వాత కూడా. వాళ్ళ మధ్య అదొక ఖాళీ కుర్చీలా ఉండిపోయింది.

తర్వాత షాపులో పెద్దమ్మ ప్రతి మనిషికీ పక్కల నుంచి వేలు ఆడించి చూడటం మొదలుపెట్టింది. "జోడు మార్చుకుందామని వస్తే ఈ ఆటేమిటమ్మా?" అని విసుక్కునేవాళ్ళు. ఆమె పట్టించుకునేది కాదు.

సాయంత్రాలు ఇద్దరూ వీధిలో నడిచేవారు. పెద్దమ్మ అమ్మ మోచెయ్యి పట్టుకుని, ఆమెకు కనిపించని అంచులన్నీ చదివి వినిపించేది. ఒకసారి నేనూ వెనకాల ఉన్నాను.

"ఎడమ పక్క బండి, ఆగు. ఊఁ, పద. కుడి పక్క ఎవరో పంతులమ్మ, నిన్నెరిగినట్టుంది, నవ్వుతోంది. నువ్వూ నవ్వవే. లేకపోతే పెడమొహం పెట్టావనుకుంటుంది."

అమ్మ తల మొత్తం కుడికి తిప్పి, వెతికి, నవ్వింది. అప్పటికి ఆవిడ దాటి వెళ్ళిపోయింది.