ఇరోకో తలుపు

మొన్నటి వానలకు మా వీధి తలుపు ఉబ్బి గడపకు రాసుకుంటుంటే వడ్రంగిని పిలిపించాను. అతను తలుపును వేళ్ళతో రెండుసార్లు కొట్టి చూసి, చిత్రిక తీయకముందే ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నాడు. "ఇది ఇరోకో కట్టె కదమ్మా. దీని పొడి కొందరికి పడదు, ఊపిరి పట్టేస్తాది" అన్నాడు. నాకు తెలుసు. తెలియాల్సిన రోజున తెలియలేదు, అంతే.

ఆ తలుపు చేసింది మా అన్న. కర్నూలులో నలభై ఏళ్ళు వేప, తుమ్మ, టేకు కోసిన చేయి ఆయనది. ఓడలో వచ్చిన ఈ ఆఫ్రికా మొద్దులు మొదటిసారి కట్టెల అడితిలో దిగిన రోజున, పెళ్ళికూతుర్ని చూడబోతున్నట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని అదే మాట. "శానా ఎత్తంట పాపా ఆ చెట్టు! కింద నిలబడి సూస్తే కొమ్మలు కనపడవంట. ఆ దేశమోళ్ళు దీంతో పడవలు చేస్తారంట, డోళ్ళు చేస్తారంట." కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండే ఆ కట్టె వెలుతురు తగిలేకొద్దీ తేనెరంగుకు తిరిగేది. కొన్ని మొద్దుల్లో రాయిలాంటి గడ్డ తగిలి రంపం పళ్ళు పోయేవి. "మన కర్నూల్లో రాళ్ళు చాలవని, అంత దూరం నుంచి ఇంగో రాయి మోసుకొచ్చిండాది సూడు" అని నవ్వేవాడు.

కొన్నాళ్ళకు మేము ఇల్లు కట్టుకున్నాం. పాత ఇంటి తలుపును చెదలు తినేసిన కోపం నాలో ఇంకా ఉంది. ఇరోకోను చెదలు అంత తేలిగ్గా ముట్టవని విని అదే కావాలని పట్టుబట్టాను. "టేకుతో చేస్తాలే పాపా, నున్నగా ఉంటాది" అన్నాడు అన్న. నేను మూతి ముడుచుకున్నాను. యాభై దాటినదాన్ని, అయినా అన్న దగ్గర అలిగితే పని అవుతుందని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అయింది. తలుపు బిగించిన రోజున ఆయన మెట్టు మీద కూలబడిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి. "దుమ్ములే. నీళ్ళియ్యి" అన్నాడు. ఆ చలికాలం దాటలేదు.

పదకొండో రోజు వదిన చెప్పింది. కోపంగా చెప్పినా బాగుండేది. "ఆ కట్టె ముట్టుకోవద్దని డాక్టరు ముందే చెప్పినాడు. అన్ని ఇండ్ల పనీ వద్దనుకున్యాడు. నీ తలుపు ఒక్కటే చేసినాడు."

"నాతో ఒక్క మాట చెప్పకపోతివే వదినా!"

"చెప్తే నువ్వు వద్దంటావని నాతో ఒట్టు పెట్టించుకున్యాడు. 'నా చెల్లెలి ఇంటికి ఇంగొకడు తలుపు చేస్తాడా?' అన్యాడు."

అన్నకు నేను ఆరేళ్ళు చిన్న. పోయిన నెలతో ఆయన ఆగిపోయిన వయసును దాటాను. నడుస్తూ నడుస్తూ కాలం నన్ను మా అన్నకంటే పెద్దదాన్ని చేసింది గాని, మూతి ముడుచుకున్న ఆ ఒక్క పూటకు మాత్రం వెనక్కి పోనివ్వడం లేదు.