స్నానాల తొట్టిలో పండగ చేప

మా ఇవెటా వదినకి తగ్గి మాట్లాడడం రాదు. పెళ్ళయిన మొదటి వారమే మా అమ్మ చేసిన బంగాళాదుంపల సలాడ్‌లో ఉప్పు చాల్లేదని మొహమ్మీదే చెప్పింది. నిజంగానే చాల్లేదు, అది వేరే సంగతి.

ప్రాగ్‌లో చదువుకుని మా జిల్లా ప్రయోగశాలలో చేరింది. ఆరేళ్ళుగా ఒకటే పని, కంటికి ఆనని యంత్రాలు తయారుచేయడం. వెలుతురు పడితే చాలు, అవి నీళ్ళలో వాటంతటవే ఈదుతూ పోయి ప్లాస్టిక్ నలుసులకి అతుక్కుంటాయి. తర్వాత అయస్కాంతం పెడితే నలుసులతో సహా ఒక పక్కకి వచ్చేస్తాయి. మా చేపల చెరువుల నిండా లాండ్రీలో బట్టలుతికిన నీళ్ళతో కొట్టుకొచ్చే ప్లాస్టిక్ పోగులే. చెరువుల సంఘం ఒప్పుకుంటే కొత్త సంవత్సరంలో వాటిని పెద్ద చెరువులో వదలొచ్చు. కాదంటే ఆరేళ్ళ కష్టం గాజు గిన్నెల్లోనే ఉండిపోతుంది.

ఎక్కువ నీళ్ళలో ఎలా నడుస్తాయో చూడాలని, క్రిస్మస్ సెలవుల్లో మా స్నానాల తొట్టి నిండా చెరువు నీళ్ళు పోయించింది. యంత్రాలు వదిలి, పైన దీపం పెట్టి, బజారుకెళ్ళింది. అప్పుడే మా నాన్న పండక్కి బతికున్న కార్ప్ చేపని తెచ్చాడు. పండగ దాకా చేప తొట్టిలో ఉండడం మా చెక్ ఇళ్ళలో మామూలే. చెరువు నీళ్ళు చూసి ఆయన పొంగిపోయి చేపని అందులో వదిలేశాడు.

వదిన తిరిగొచ్చేసరికి అది హాయిగా ఈదుతోంది.

"కోడలంటే నువ్వేనమ్మా," అన్నాడు నాన్న. "కుళాయి నీళ్ళు దానికి పడవని ఏకంగా చెరువునే తెచ్చావు."

"మామయ్యా, అది నా ఆరేళ్ళ చాకిరీ."

"ఏదీ? నాకేం కనబళ్ళేదే."

"కనబడదు. ఈపాటికి దాని కడుపులో ఉండుంటుంది."

నాన్న మొహం చూసి నాకు నవ్వాగలేదు.

పండగనాడు చేపని కోశాక వదిన పేగు కింద అయస్కాంతం జరిపింది. లోపల బూడిదరంగు గీత ఒకటి దాని వెంటే కదిలింది. అప్పుడిక నవ్వు రాలేదు. ఆ రాత్రి మేం పంది మాంసం వేయించుకు తిన్నాం.

"ఈ మాట గడప దాటకూడదు," అన్నాడు నాన్న. "చేప నిక్షేపంగానే ఉందిగా. అడిగితే ఏం కాదని చెప్పు. ఆరేళ్ళు బూడిదలో పోస్తావా?"

"ఆరేళ్ళు నావి మామయ్యా. చేపలు సంఘం వాళ్ళవి."

సంఘం పెద్ద కొసార్ ఎవరినీ ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. సమావేశంలో మొదటి ప్రశ్న ఆయనదే. "మా చేపలకేమన్నా అవుతుందా?"

"మింగుతాయి," అంది వదిన. "మా ఇంట్లో ఒకటి మింగింది. మింగితే ఏమవుతుందో నాకింకా తెలీదు. అందుకే చెరువు అడగను. లాండ్రీ నీళ్ళు చెరువులో కలిసేముందు ఆగే గుంట ఉందే, చేపల్లేనిది, అది ఇవ్వండి. అక్కడ పెట్టే అయస్కాంతం దాటి ఒక్క యంత్రం కూడా రావట్లేదని తేలేదాకా చెరువులోకి తూము తెరవొద్దు."

"చెరువు బాగుచేస్తానని ఊదరగొట్టావుగా?" అన్నారెవరో వెనక నుంచి.

"మురికిని గుమ్మంలోనే ఆపితే ఇల్లు బాగుపడ్డట్టు కాదా?"

కొసార్ లేచి నిలబడ్డాడు. నడుముకున్న గుత్తిలోంచి తూము తాళంచెవి తీసి వదిన ముందు పెట్టాడు.

"ఇన్నేళ్ళలో ఇక్కడికొచ్చిన ప్రతివాడూ మీ చేపకేం కాదనే చెప్పాడు," అన్నాడు. "తెలీదని చెప్పింది నువ్వొక్కదానివే. తూము ఎప్పుడు తెరవాలో ఇక నువ్వే చెప్పు."