తిబ్బు

కృపాజ్యోతిది చిన్న మంగళారం అనే ఊరు. దొంతన్‌పల్లి యూనివర్సిటీలో సెమినార్ హాలు చూసుకోవడం ఆమె పని. మైకులు సరిచేసి, వేదిక మీద నీళ్ల సీసాలు పెట్టి, తలుపు పక్కన కూర్చుంటుంది. ఎన్నో ఉపన్యాసాలు ఆమె చెవిన పడ్డాయి. ఏదీ ఇంటిదాకా వెంట రాలేదు, ఆ ఒక్కటి తప్ప.

ఆ రోజు శకుంతలమ్మ అనే పెద్దావిడ సుమేరు భాష గురించి మాట్లాడింది. వేల ఏళ్ల కింద ఇప్పటి ఇరాక్‌లో మట్టి పలకల మీద రాసుకున్నవాళ్ల భాష అది. వాళ్లు రాగిని ‘ఉరుదు’ అన్నారట. ఎరుపు అనే అర్థంతో పాత మాట ఒకటుంది, మన ‘రుధిరం’ అందులోంచి పుట్టిందే. ఆ మాట పలికే జనం ఎవరో సుమేరువాళ్ల పొరుగున బతికి, దాన్ని వాళ్లకు ఇచ్చి ఉంటారని కొందరు పండితులంటారు. చాలామంది ఒప్పుకోరు.

సభ ముగిశాక మైకు తీసుకుంటూ కృపాజ్యోతి అడిగింది. “ఆ మాటిచ్చినోళ్లు ఏమైండ్రు మేడం?”

“తెలియదమ్మా. అక్కడ ఉన్నారనడానికి ఎముక లేదు, కుండపెంకు లేదు. మాట ఒక్కటే మిగిలిందేమోనని అనుమానం.”

ఇంటికి నడుస్తున్నంతసేపూ కృపాజ్యోతి ఆ మాటే తలుచుకుంది.

అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో తోటపని చేసే భర్త రత్నాకర్ అప్పటికే ఇంటికొచ్చి ఉన్నాడు. “జ్యోతీ, జర తిబ్బు తే,” అన్నాడు.

రోజూ అనేదే. ఆ ఇంట్లో నీళ్లను తిబ్బంటారు. ఊళ్లో ఇంకెవరూ అనరు. అది వాళ్ల మొదటి బిడ్డ సైలస్ మాట. వాడు మాటలు పూర్తిగా రాకముందే మెదడువాపు జ్వరంతో దవాఖానలో పోయాడు. రత్నాకర్ వాడి చొక్కాలు, ఉయ్యాల, ఉన్న ఒక్క ఫోటో కంటికి కనబడకుండా చేశాడు. వాడి పేరెత్తలేదు, ఎత్తనివ్వలేదు. తర్వాత పుట్టిన జెన్నీకి అన్న ఉండేవాడనే తెలియదు. మాట మాత్రం ముగ్గురి నోళ్లలో ఉండిపోయింది.

ఆ రోజు నుంచి “మమ్మీ, తిబ్బు!” అని జెన్నీ అరిస్తే కృపాజ్యోతి చెంబు ముంచుతూ ముంచుతూ ఆగేది. గొంతు జెన్నీదే. దాహం మాత్రం వాడిదేమో అనిపించేది.

ఒక సాయంత్రం జెన్నీ మొహం మాడ్చుకుని వచ్చింది. “నవత వాళ్లింట్ల తిబ్బు అడిగితే అందరు నవ్విండ్రు. మనమే ఎందుకంటం గట్ల?”

“ఊకో. అలవాటైంది,” అన్నాడు రత్నాకర్.

“అలవాటు కాదు బిడ్డా. అది మీ అన్న మాట,” అంది కృపాజ్యోతి.

రత్నాకర్ విసురుగా లేచాడు. గడప దాటలేక అక్కడే ఆగిపోయాడు. ఆమె అంతా చెప్పింది. జెన్నీ ఏడవలేదు. “అన్నకు ఇంకేం మాటలు ఉండె?” అనడిగింది.

కృపాజ్యోతి ఎంత వెతుక్కున్నా ఒక్కటీ తట్టలేదు. కన్నతల్లినై ఉండి మరిచానా అనుకుంది.

“పిట్టను చుచ్చ అనేటోడు,” అన్నాడు రత్నాకర్, వెనక్కి తిరగకుండానే. “నన్ను కూడ ఏదో పిలిచేటోడు. నాన అని కాదు, ఇంకేదో. యాదికొస్తలేదు.”

జెన్నీ వెళ్లి తండ్రి పక్కన నిలబడింది.

కొడుకు తనను ఏమని పిలిచేవాడో రత్నాకర్‌కు ఇప్పటికీ గుర్తు రాలేదు. మొక్కలకు పాదులు తీస్తూ తీస్తూ ఆగి, పెదవులు కదిపి చూసుకుంటాడు.